పసివాళ్ల మనసు: ఫ్రాయిడ్ నుంచి బౌల్బీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

పసితనం గురించి మనోవిశ్లేషకులు రాసింది చదవడం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. ఫ్రాయిడ్ ఒక బిడ్డను చూపిస్తాడు, మెలనీ క్లైన్ ఇంకో బిడ్డను చూపిస్తుంది, బౌల్బీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ కాని మూడో బిడ్డ కనిపిస్తాడు. ఇవే అనుమానాలు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, అందుకే ఒకచోట పెట్టాను. బిడ్డ వయసును బట్టి విడగొట్టాను. ఏ జవాబు ఆ జవాబే, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇంతమందిలో ఎవరితో మొదలుపెట్టాలి? తలా ఒక మాట చెబుతున్నారు కదా!

పేరు చదవగానే పక్కన ఒక చిన్న మాట రాసుకోండి: ఈయన ఎవరిని చూశాడు, ఎక్కడ చూశాడు? సగం తికమక అక్కడే తీరిపోతుంది. ఫ్రాయిడ్ వియన్నాలో సోఫా మీద పడుకున్న పెద్దవాళ్ల మాటలు విని, వాటి నుంచి వెనక్కి వెళ్లి పసితనాన్ని ఊహించాడు. క్లైన్ చిన్న చిన్న బొమ్మలు పెట్టుకుని, మూడేళ్లు కూడా నిండని పిల్లల ఆట చూసింది. విన్నికాట్ పిల్లల డాక్టరు. లండన్‌లోని ఆసుపత్రిలో 40 ఏళ్ల పాటు తల్లుల ఒళ్లో బిడ్డల్ని చూశాడు. బౌల్బీ ఇంటికి దూరమైన పిల్లల్ని చూశాడు. మార్గరెట్ మాలర్ న్యూయార్క్‌లో తల్లులూ అప్పుడే నడక నేర్చిన పిల్లలూ కలిసి గడిపే గదిలో కూర్చుంది. చూసిన కిటికీని బట్టే కనిపించిన బిడ్డ.

నా మటుకు నేను విన్నికాట్‌తో మొదలుపెట్టమంటాను. బీబీసీ రేడియోలో తల్లులతో మాట్లాడిన మనిషి కాబట్టి ఆయన భాష మామూలు భాష. క్లైన్‌తో మొదలుపెట్టి పది పేజీల్లో పుస్తకం మూసేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఫ్రాయిడ్ అసలు పిల్లల్ని చూడకుండానే పిల్లల గురించి రాశాడంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. 1909లో ప్రచురించిన "లిటిల్ హాన్స్" కథే చూడండి. ఐదేళ్ల పిల్లాడికి గుర్రాలంటే భయం, వీధిలోకి వెళ్లడు. వాడితో రోజూ మాట్లాడి, నోట్సు రాసి ఫ్రాయిడ్‌కి పంపింది వాడి తండ్రే. ఆ చికిత్స కాలంలో ఫ్రాయిడ్ వాడిని నేరుగా కూర్చోబెట్టి మాట్లాడింది ఒక్కసారి. మిగతా సిద్ధాంతమంతా ఎక్కువగా పెద్దల జ్ఞాపకాలు, కలల నుంచి కట్టింది. దాన్ని అబద్ధం అనక్కర్లేదు. వరద పోయాక గోడల మీద మిగిలిన గుర్తులు చూసి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పడం లాంటిది. అయితే నీళ్లు వస్తుండగా పక్కన నిలబడి చూసినవాళ్లు తర్వాత వచ్చారు.

పసిబిడ్డకు లైంగికత ఏంటండీ? వినడానికే ఇబ్బందిగా ఉంది.

1905లో కూడా అందరికీ ఇబ్బందిగానే ఉంది. ఫ్రాయిడ్ ఆ మాటను చాలా విశాలంగా వాడాడు. కడుపు నిండాక కూడా బిడ్డ వేలు చీకుతూనే ఉంటుంది. ఆకలి తీరాక మిగిలిన ఆ సుఖం ఏమిటన్నది ఆయన ప్రశ్న. శరీరంలో ఆ సుఖం ఉండే చోటు వయసుతో మారుతుందన్నాడు. ముందు నోరు, తర్వాత మలవిసర్జన, ఆ తర్వాత జననాంగాలు. మౌఖిక దశ, గుద దశ, లైంగిక దశ అని పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి ఇవే. పెద్దవాళ్ల కోరికలు పసివాళ్లకు అంటగట్టాడనుకుంటే ఆయన్ని తప్పుగా చదివినట్టే.

తర్వాత ఎడిన్‌బరోలో ఫెయిర్‌బెర్న్ అనే ఆయన ఈ లెక్కనే తిరగేశాడు. మనిషి వెతికేది సుఖాన్ని కాదు, మనిషినే అన్నాడు. విన్నికాట్, బౌల్బీలు కూడా ఎవరి దారిన వాళ్లు అటువైపే నడిచారు.

## పుట్టిన దగ్గర్నుంచి ఆరు నెలలు

నెలల బిడ్డకు "నేను, నువ్వు" అన్న తేడా తెలుస్తుందా?

అందరూ గట్టిగా పోట్లాడుకున్న చోటు ఇది. ఫ్రాయిడ్ లెక్కలో మొదట్లో బిడ్డకు బయటి లోకం అంటూ విడిగా లేదు. మాలర్ ఇంకో అడుగు వేసి, మొదటి వారాలు బిడ్డ తన గుల్లలో తాను ఉంటుంది, ఆ తర్వాత కొన్ని నెలలు తల్లితో కలిసి ఒకే ముద్దగా ఉంటుంది అంది. క్లైన్ మాత్రం పుట్టుకతోనే బిడ్డకు చిన్నపాటి అహం, అంటే "నేను" అన్న ఎరుక, ఉంటుందని, భయం కూడా ఉంటుందని పట్టుబట్టింది.

1980లో వచ్చిన ఒక ప్రయోగంలో రెండు మూడు రోజుల పసికందులు తమ తల్లి గొంతు వినడం కోసం చప్పరించే తీరు మార్చుకున్నారు. గుల్లలో ఉన్న బిడ్డ అలా చేయదు కదా! 1985లో డేనియల్ స్టెర్న్ ఇలాంటి పరిశోధనలన్నీ ముందు పెట్టి, బిడ్డ ఎప్పుడూ తల్లిలో పూర్తిగా కలిసిపోయి ఉండదని వాదించాడు. ఈ ఒక్క విషయంలో మాలర్ ఓడిపోయిందనే చెప్పాలి. చివరి రోజుల్లో ఆమె కూడా ఆ మొదటి దశ గురించిన మాటను సడలించుకుంది.

"మంచి రొమ్ము, చెడ్డ రొమ్ము" అని క్లైన్ సీరియస్‌గానే రాసిందా?

సీరియస్‌గానే రాసింది, అందులో పదును కూడా ఉంది. ఆకలేసిన బిడ్డ వైపు నుంచి చూడండి. "అమ్మ పక్క గదిలో ఉంది, ఐదు నిమిషాల్లో వస్తుంది" అనుకునే శక్తి దానికి లేదు. లేకపోవడం అనేది దానికి తెలియదు. కడుపులో ఏదో కొరుకుతోంది, అంతే తెలుసు. అంటే పాలు రాకపోవడం బిడ్డకు ఒక చెడ్డ వస్తువు వచ్చి బాధపెట్టినట్టు ఉంటుంది. పాలు వచ్చాక లోకమంతా మంచిదే. ఈ రెండూ ఒకే తల్లివని కలుపుకునే శక్తి ఇంకా రాలేదు కాబట్టి, బిడ్డ వాటిని విడివిడిగా పెట్టుకుంటుంది. దీనికి 1946లో "పారనాయిడ్-స్కిజాయిడ్ పొజిషన్" అని భయపెట్టే పేరు పెట్టింది.

దశ అనకుండా పొజిషన్ అనడంలోనే కిటుకు ఉంది. అది దాటిపోయేది కాదు, మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునే చోటు. నిన్నటిదాకా ప్రాణమిచ్చిన స్నేహితుడితో గొడవైతే "వాడు మొదట్నుంచీ అంతే" అంటాం చూడండి, అప్పుడు మనం ఎక్కడ కూర్చున్నామో క్లైన్‌ను అడిగితే చెబుతుంది.

"బిడ్డ అంటూ ఏదీ లేదు" అని విన్నికాట్ అన్నాడట. అదేం మాట?

ఒక సమావేశంలో ఆవేశంగా నోరు జారి అన్న మాట అది. తర్వాత దాన్ని ఆయనే ఇష్టంగా వివరించాడు. మీరు బిడ్డను చూపించబోతే, ఆ బిడ్డను ఎత్తుకున్న చేతులు కూడా కనిపిస్తాయి. ఒంటరి బిడ్డ అనేది బతకదు, కాబట్టి అర్థం చేసుకోవలసింది జంటను. క్లైన్ బిడ్డ లోపల ఏం జరుగుతోందని అడిగితే, ఈయన బిడ్డను ఎలా పట్టుకున్నారని అడిగాడు.

పాలు ఎవరిస్తే వాళ్లతోనే బంధం ఏర్పడుతుందా?

ఏర్పడదు. పాల వల్లే ప్రేమ పుడుతుందన్న పాత నమ్మకాన్ని బౌల్బీ ఒప్పుకోలేదు. 1958లో హ్యారీ హార్లో కోతిపిల్లల ప్రయోగం ఆయనకు కలిసొచ్చింది. పాలిచ్చే తీగబొమ్మ ఒకటి, పాలివ్వని మెత్తటి గుడ్డబొమ్మ ఒకటి పెడితే పిల్లలు తాగడానికి తీగబొమ్మ దగ్గరికి వెళ్లి, మిగతా సమయమంతా గుడ్డబొమ్మను కరుచుకుని ఉన్నాయి. సీసా పాలు పట్టే తల్లులు ఈ విషయంలో టెన్షన్ పడనక్కర్లేదు.

## ఆరు నెలల నుంచి ఏడాదిన్నర

మొన్నటిదాకా ఎవరెత్తుకున్నా నవ్వేది. ఎనిమిదో నెల రాగానే కొత్తవాళ్లను చూస్తే ఏడుపు. ఏమైంది?

ఏదో పోయిందనుకుంటారు గానీ, నిజానికి ఒకటి వచ్చింది. పసిబిడ్డలను దగ్గరగా గమనించిన విశ్లేషకుడు రెనె స్పిట్జ్ దీన్ని ఎనిమిదో నెల ఆందోళన అన్నాడు. మూడో నెలలో బిడ్డ ఏ మొహం వంగి చూసినా నవ్వుతుంది. ఎనిమిదో నెలకు ఒక మొహం మిగతా మొహాల నుంచి విడిపోయి "నా మనిషి" అయింది, మిగతావాళ్లు "ఆ మనిషి కానివాళ్లు" అయ్యారు. బౌల్బీ భాషలో అటాచ్‌మెంట్, అంటే బంధం, ఒక మనిషి మీద కుదురుకుంది. పిల్ల మొండిదైందనో, గారాబం ఎక్కువైందనో అనుకోకండి.

"డిప్రెసివ్ పొజిషన్" అంటే బిడ్డకు డిప్రెషన్ వచ్చినట్టా?

అలా అర్థం చేసుకుంటే క్లైన్ మొత్తం తలకిందులవుతుంది. ఆమె చెప్పింది ఎదుగుదల గురించి. పాలిచ్చే మంచి అమ్మ, ఆలస్యం చేసే చెడ్డ అమ్మ ఒక్కరేనని నాలుగైదు నెలలు దాటాక బిడ్డకు అందడం మొదలవుతుంది. దాంతో ఒక కొత్త బాధ వస్తుంది: "నేను కోపంతో కొరికింది నాకు ఇష్టమైన ఈ మనిషినేనా?" తప్పు చేశానన్న భావం, దాన్ని సరిచేయాలన్న కోరిక రెండూ అక్కడే పుడతాయని ఆమె వాదన. అమ్మను కొట్టిన పిల్ల కాసేపటికి తను తింటున్నది తెచ్చి అమ్మ నోట్లో పెడుతుంది చూడండి, ఆ పని.

నిజమైన డిప్రెషన్ గురించి రాసింది స్పిట్జ్, 1946లో. ఆరు నెలలు దాటాక తల్లికి దూరమైన బిడ్డలు మొదట ఏడ్చి, తర్వాత గోడ వైపు తిరిగి, చివరికి ఎవరినీ పట్టించుకోకుండా అయిపోయారు. తల్లి మూడు నుంచి ఐదు నెలల్లోపు తిరిగొస్తే చాలామంది కోలుకున్నారు. పేర్లు దగ్గరగా ఉన్నా విషయాలు వేరు.

ఆ చిరిగిన దుప్పటి ముక్క లేకపోతే నిద్రపోదు. మాన్పించేయాలా?

అక్కర్లేదు. 1951లో విన్నికాట్ దీని మీదే ఒక ప్రసిద్ధ పత్రం చదివాడు. బిడ్డ వేలు తన ఒంట్లో భాగం, తల్లి తనది కాని మనిషి. దుప్పటి ముక్క ఆ రెండింటికీ మధ్యలో నిలబడుతుంది. అది తల్లి కాదని బిడ్డకు తెలుసు, అయినా తల్లి చేసే పని అది చేస్తుంది. "దీన్ని నువ్వు కల్పించుకున్నావా, నీకు దొరికిందా?" అని మనం ఎప్పుడూ బిడ్డను అడగకూడదన్నాడు. తర్వాత ఆటలు, కళ, నమ్మకాలు అన్నీ ఆ అడగని చోటు నుంచే పెరుగుతాయట.

మా అక్క కూతురికి ఒక పాత తువ్వాలు ఉండేది. మాసి నల్లగా అయిందని ఓసారి మా అమ్మ ఉతికి ఆరేసింది. ఆ రాత్రి పిల్ల ఆ తువ్వాలును ముక్కు దగ్గర పెట్టుకుని, విసిరేసి, మళ్లీ తెచ్చుకుని, తెల్లవారేదాకా ఏడ్చింది. తువ్వాలు అదే, వాసన పోయింది. ఈ వస్తువును తల్లి ఉతక్కుండా వదిలేస్తుందని విన్నికాట్ రాసింది చదివినప్పుడు మా ఇంట్లో రాత్రే గుర్తొచ్చింది. మాన్పించే పని కూడా పెట్టుకోవద్దు. దాన్ని బిడ్డ మర్చిపోదు, దాని కోసం ఏడవదు, మెల్లగా ఒక మూల పడుంటుంది అంతే.

బౌల్బీ మనోవిశ్లేషకుడేనా? చాలాచోట్ల వేరుగా చెబుతారు.

శిక్షణ పొందిన విశ్లేషకుడే. బ్రిటిష్ మనోవిశ్లేషకుల సంఘం నుంచి ఎప్పుడూ బయటికి పోలేదు కూడా. గొడవ ఎక్కడ మొదలైందో ఆయనే చెప్పుకున్నాడు. 1938లో క్లైన్ పర్యవేక్షణలో ఆయన ఒక మూడేళ్ల పిల్లాడికి చికిత్స చేస్తున్నాడు. పిల్లాడు ఒక్కచోట నిలబడడు. వాడిని తీసుకొచ్చే తల్లి తీవ్రమైన టెన్షన్‌లో ఉన్నట్టు బౌల్బీకి కనిపిస్తూనే ఉంది. ఆమెతో మాట్లాడతానంటే క్లైన్ వద్దంది, చూడవలసింది పిల్లాడి లోపలి లోకాన్ని అని. మూడు నెలలకు ఆ తల్లి మానసిక ఆసుపత్రిలో చేరింది.

ఆ తర్వాత బౌల్బీ బతుకంతా బయట నిజంగా ఏం జరిగిందన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. జంతువుల ప్రవర్తన మీద పరిశోధనలను మనోవిశ్లేషణలోకి తెచ్చాడు. సాటి విశ్లేషకులు, ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్‌తో సహా, దీన్ని గట్టిగా విమర్శించారు. నాకైతే రెండు పక్షాలూ సగం సగం సరే అనిపిస్తుంది. తల్లితో మాట్లాడకపోవడం మాత్రం తప్పే.

## ఏడాదిన్నర నుంచి మూడేళ్లు

ఫ్రాయిడ్ మనవడి దారపు ఆట గురించి ఇన్ని పేజీలు ఎందుకు రాశారు?

ఎందుకంటే ఫ్రాయిడ్ ఒక బిడ్డను కళ్లారా, ఓపిగ్గా చూసిన అరుదైన సందర్భం అది. ఏడాదిన్నర పిల్లాడు. అమ్మ బయటికి వెళ్తే ఏడవడు, చాలా బుద్ధిమంతుడని పేరు. వాడి దగ్గర దారం కట్టిన చిన్న కొయ్య రీలు ఉంది. తెరలు కట్టిన తన మంచంలోకి దాన్ని విసిరి "ఓ ఓ ఓ" అనేవాడు. "పోయింది" అనే జర్మన్ మాట "ఫోర్ట్" అది. దారం లాగి రీలు కనపడగానే సంతోషంగా "డా" అనేవాడు, అంటే "ఇదిగో". మొదటి సగాన్నే ఎక్కువసార్లు ఆడేవాడు.

బాధపెట్టే దాన్ని బిడ్డ మళ్లీ మళ్లీ ఎందుకు ఆడుకుంటాడు? తన మీద జరిగిన దాన్ని తన చేతిలోకి తెచ్చుకుంటున్నాడా? "పో, నేనే నిన్ను పంపేస్తున్నా" అని పగ తీర్చుకుంటున్నాడా? 1920లో ఫ్రాయిడ్ రెండూ రాసి, ఏదీ తేల్చలేదు. తేల్చకపోవడం వల్లే ఆ పేజీలు బతికి ఉన్నాయని నాకనిపిస్తుంది. బౌల్బీ కళ్లతో చూస్తే అది ఎడబాటు. విన్నికాట్ కళ్లతో చూస్తే అది ఆట. ఫ్రెంచి విశ్లేషకుడు లకాన్‌కు కనిపించింది "ఓ", "డా" అనే రెండు శబ్దాలు, అంటే భాషలోకి అడుగు.

దించితే ఎత్తుకోమంటుంది, ఎత్తుకుంటే తోసేస్తుంది. దీనికి ఏం కావాలి?

రెండూ కావాలి, ఒకేసారి. పదహారో నెల నుంచి రెండేళ్ల దాకా ఉండే ఈ కాలాన్ని మాలర్ అందరికంటే బాగా చూసింది. అంతకుముందు నడక వచ్చిన కొత్తలో బిడ్డకు లోకమంతా తనదే, పడినా లేచి పరిగెడుతుంది. తర్వాత ఒక రోజు తను చిన్నదని, అమ్మ వేరే మనిషని తెలుస్తుంది. అప్పట్నుంచి గులకరాయి దొరికినా, చెప్పు దొరికినా తెచ్చి అమ్మ ఒళ్లో పడేస్తుంది. ఒళ్లో వస్తువుల కుప్ప పెరుగుతుంది. చేతిలో ఉన్న పని వదిలి అమ్మ ఎత్తుకోగానే కాళ్లతో తన్ని కిందికి జారుతుంది. తల్లులు విసిగిపోయేది ఇక్కడే, "వెనక్కి పోతోంది" అనుకునేదీ ఇక్కడే. మాలర్ మాత్రం ఇది తిరిగి దగ్గరవడమే అంది.

ఇదే వయసును ఎరిక్ ఎరిక్సన్ అనే ఇంకో విశ్లేషకుడు స్వయంప్రతిపత్తికీ సిగ్గు, సందేహాలకూ మధ్య పోరాటం అన్నాడు. స్పిట్జ్‌కు ముఖ్యంగా కనిపించింది బిడ్డ తల అడ్డంగా ఊపి "వద్దు" అనడం.

మలవిసర్జన శిక్షణ కఠినంగా ఉంటే పెద్దయ్యాక పిసినారి అవుతారా?

1908లో ఫ్రాయిడ్ ఒక చిన్న వ్యాసంలో పద్ధతి పిచ్చి, పిసినారితనం, మొండితనం మూడూ కలిసి ఉంటాయని, వాటి వేరు అక్కడుందని రాశాడు. ఆ మూడు గుణాలు కొందరిలో కలిసి కనిపిస్తాయన్న మాటలో కొంత బలం ఉంది. కారణం శిక్షణేనన్న దానికి ఆధారాలు నిలబడలేదు.

## మూడు నుంచి ఆరేళ్లు

ఈడిపస్ కాంప్లెక్స్‌ను ఇప్పటికీ ఎవరైనా నమ్ముతున్నారా?

ఈ వయసు పిల్లాడు తల్లిని తనకే కావాలనుకుని తండ్రిని పోటీదారుగా చూస్తాడన్నది ఆ మాట. ఫ్రాయిడ్ చెప్పినట్టే అక్షరాలా నమ్మేవాళ్లు తక్కువ. ఆడపిల్లల గురించి ఆయన చెప్పిన దాన్ని కరెన్ హార్నీ అనే విశ్లేషకురాలు 1920లలోనే ఎదిరించింది. క్లైన్ ఈడిపస్‌ను మూడు నాలుగేళ్ల నుంచి లాగి మొదటి ఏడాదిలోకి తెచ్చేసింది. బౌల్బీ సిద్ధాంతంలో దానికి పెద్దగా చోటు లేదు. మిగిలిన సారం ఒకటుంది: నాకు ఇష్టమైన ఇద్దరికీ నన్ను మించి ఒకరితో ఒకరికి సంబంధం ఉందని బిడ్డకు తెలియడం. నాలుగేళ్ల పిల్లాడు అమ్మానాన్నల మధ్యలో దూరి పడుకోవడం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

అన్నా ఫ్రాయిడ్‌కూ క్లైన్‌కూ గొడవ దేని గురించి?

పిల్లల ఆట పెద్దవాళ్ల మాటతో సమానమా కాదా అన్న దగ్గర. క్లైన్ సమానమే అంది. పిల్లాడు రెండు బండ్లను గుద్దితే వెంటనే దాని అచేతన అర్థం, అంటే పిల్లాడికే తెలియని లోపలి అర్థం, చెప్పేది. అన్నా ఫ్రాయిడ్ ఆగమంది. రోడ్డు మీద చూసిన ప్రమాదం గుర్తొచ్చి గుద్దాడేమో, ముందు పిల్లాడికి మన మీద నమ్మకం కుదరాలి, తల్లిదండ్రులు వాడి బతుకులో ఇంకా నిజంగా ఉన్నారు అంది. 1941 నుంచి 45 దాకా లండన్‌లో, బాంబులు పడుతుండగా, ఈ వాదన నడిచింది. ఒకసారి విన్నికాట్ లేచి, బయట వైమానిక దాడి జరుగుతోందని గుర్తు చేయాల్సి వచ్చిందని చెబుతారు. చివరికి బ్రిటిష్ మనోవిశ్లేషకుల సంఘంలో శిక్షణే వేర్వేరు దారులుగా చీలింది.

ఆ యుద్ధకాలంలోనే అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగమ్ కలిసి ఇళ్లకు దూరమైన పిల్లల కోసం నర్సరీలు నడిపారు. నాకు వాదనల కంటే ఆ నర్సరీల రికార్డులే విలువైనవిగా అనిపిస్తాయి.

## చదివాక వచ్చే అనుమానాలు

చివరికి అంతా అమ్మ మీదే నెట్టేశారేంటి?

ఈ కోపం న్యాయమైనదే. ఆటిజంకు తల్లి చల్లదనమే కారణమని కొందరు చెప్పిన మాట ఎన్నో కుటుంబాలను ఏడిపించింది, అది తప్పని తేలిపోయింది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో బౌల్బీ తల్లి లేదా తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మనిషి అనే అన్నాడు. జనం మొదటి ముక్కే గుర్తు పెట్టుకున్నారు. తండ్రుల గురించి ఫ్రాయిడ్ తర్వాతివాళ్లలో చాలామంది తక్కువే రాశారు.

విన్నికాట్ ఒక్కడు తల్లులకు కాస్త ఊపిరాడనిచ్చాడు. ఆయన అడిగింది "సరిపడేంత మంచి తల్లి"ని మాత్రమే. మొదట్లో దాదాపు పూర్తిగా అందుబాటులో ఉండి, బిడ్డ తట్టుకునే కొద్దీ మెల్లమెల్లగా తప్పిపోతూ ఉండే తల్లి. తల్లికి తన బిడ్డ మీద ద్వేషం కలగడానికి ఒక పెద్ద జాబితాయే రాశాడు. అది చదివి నవ్వి, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్న తల్లులు నాకు తెలుసు.

వీటిలో పరీక్షకు నిలబడింది ఏది?

ఎక్కువగా బౌల్బీది. మేరీ ఎయిన్స్‌వర్త్ దానికి కొలిచే పద్ధతి ఇచ్చింది కాబట్టి. ఏడాది, ఏడాదిన్నర బిడ్డను కొత్త గదిలో తల్లి కాసేపు వదిలి వెళ్లి తిరిగొస్తుంది. వెళ్లినప్పుడు ఏడ్చిందా అన్నదానికంటే తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్నదే అందులో అసలు కొలత. క్లైన్ చెప్పే పసివాళ్ల ఊహలను అలా కొలవడం కష్టం. ఫ్రాయిడ్ దశలే పెద్దయ్యాక స్వభావాన్ని నిర్ణయిస్తాయన్నది నిలబడలేదు.

మూడేళ్లలోపు పాడైతే ఇక జీవితాంతం అంతేనా?

కాదు. రొమేనియా అనాథాశ్రమాల నుంచి ఇంగ్లండ్ కుటుంబాల్లోకి దత్తత వచ్చిన పిల్లలను మైకేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి చూసింది. ఆరు నెలల లోపు వచ్చినవాళ్లు చాలావరకు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. ఆలస్యంగా వచ్చినవాళ్లలో కొందరికి ఇబ్బందులు మిగిలాయి, అలాగే వాళ్లలోనూ బాగున్నవాళ్లున్నారు.

ఒకే బిడ్డను వీళ్లందరూ చూస్తే ఏమంటారు?

అలాంటిది ఒకసారి నిజంగానే జరిగింది. 1952లో బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక డాక్యుమెంటరీ తీశాడు. లారా అనే రెండున్నరేళ్ల లోపు పాప చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. అప్పట్లో తల్లిదండ్రులను పక్కన ఉండనిచ్చేవాళ్లు కాదు. పాప గట్టిగా ఏడవదు, మొహం బిగపట్టుకుని ఉంటుంది, ఇంటి నుంచి తెచ్చుకున్న టెడ్డీని, గుడ్డ ముక్కను వదలదు. బౌల్బీ దాన్ని చూసి ఎడబాటు అన్నాడు. కొందరు క్లైన్ అనుచరులు, తల్లి మళ్లీ గర్భవతి కాబట్టి పాప బాధ దాని గురించేనన్నారు. అన్నా ఫ్రాయిడ్ రాబర్ట్‌సన్ పక్షాన నిలిచింది. ఆ గుడ్డ ముక్క గురించి విన్నికాట్ ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. ఇలాంటి ఒత్తిడి వల్లే తర్వాతి ఏళ్లలో బ్రిటన్ ఆసుపత్రుల్లో పిల్లల దగ్గర తల్లిదండ్రులను ఉండనివ్వడం మొదలైంది.

చివరి రోజు లారా తన వస్తువులన్నీ పోగు చేసుకుని బయలుదేరుతుంది. తల్లి చెయ్యి చాపుతుంది. పాప ఆ చెయ్యి పట్టుకోకుండా పక్కనే నడుస్తుంది.